పోగు అతకడం రాని కోటిలింగం

ఇంటర్మీడియట్ ఫలితాలు పేపర్లో పడిన రోజు నుంచి కోటిలింగం ఒకచోట కూర్చోలేదు. పెడనలో టపా వచ్చే వేళకు పోస్టాఫీసు అరుగు దగ్గర ఉండేవాడు. టపాలో తన పేరు లేకపోతే స్టేషనుకు నడిచేవాడు. బెజవాడ నుంచి బండి వచ్చేది, ఆగేది, కదిలేది. అందులోంచి తన కోసం దిగేవాళ్ళెవరూ లేరని తెలుసు. అయినా చివరి పెట్టె దాటేదాకా చూసి వెనక్కి వచ్చేవాడు. అది 1946 జూన్ నెల. కాలవలకు నీళ్ళు వదిలారు. ఊరి చుట్టూ పొలాల్లో పనులు మొదలయ్యాయి.

అతనికి బి.కాం. చదవాలని ఉంది. నేతవీధిలో ఆ చదువు పేరు విన్నవాళ్ళు లేరు.

అతను మాత్రం ఆ పేరు యుద్ధం రోజుల్లో విన్నాడు. అప్పుడు నూలుకు కంట్రోలు వచ్చింది. మగ్గానికి ఇంత నూలని కార్డులు ఇచ్చారు. కాగితాలన్నీ ఇంగ్లీషులో వచ్చేవి. వీధివాళ్ళు వాటిని తెచ్చి హైస్కూల్లో చదివే కోటిలింగం చేత చదివించుకునేవాళ్ళు. చదివి చెప్పేవాడు. నూలు ఎందుకు తగ్గిందని వాళ్ళు అడిగితే చెప్పలేకపోయేవాడు. అది కాగితంలో ఉండేది కాదు. ఒకే చీరకు పెడనలో ఒక ధర, బెజవాడలో ఇంకో ధర ఎందుకో అదీ ఉండేది కాదు. ఒకసారి మగ్గాల లెక్క చూడటానికి వచ్చిన ఆఫీసరును అడిగాడు. ఆయన కుర్రవాడే. నవ్వాడు.

"అది చెప్పాలంటే నీకు రెండేళ్ళు పాఠం చెప్పాలోయ్. నేను రెండేళ్ళు చదివాను మరి."

"ఏం చదివారండి?"

"బి.కాం."

ఆ తరవాత ఆ ఆఫీసరు మళ్ళీ రాలేదు. ఆ మాట ఉండిపోయింది.

కోటిలింగం తండ్రి చౌడయ్యకు రెండు గుంట మగ్గాలు. ఒకదాని మీద ఆయన, ఒకదాని మీద భార్య భద్రమ్మ నేసేవాళ్ళు. పక్షానికోసారి చౌడయ్య చీరలు మూట కట్టుకుని బండెక్కి బెజవాడ ఒన్‌టౌన్‌లో తిరుపతిరావు బట్టల కొట్టుకు వేసి వచ్చేవాడు. ఆ ఇంట్లో ఒక కట్టడి ఉండేది. కోటిలింగం మగ్గం జోలికి పోకూడదు. ఎనిమిదేళ్ళప్పుడు వాడు ఆటగా గుంటలో దిగి, పోగుల మధ్య అటూ ఇటూ పోయే నాడె పట్టుకుంటే చౌడయ్య చెయ్యి వాచేలా కొట్టాడు.

"ఇందులో దిగినవాడు మళ్ళీ పైకి రాడు. నేను దిగాను. చాలు" అన్నాడు.

పదకొండేళ్ళుగా కోటిలింగం ఆ గుంటను దాటుకునే తిరిగాడు. మగ్గాల చప్పుడులో చదువుకున్నాడు. ఆ చప్పుడు ఆగితేనే అతనికి నిద్ర పట్టేది కాదు.

ఇప్పుడు చౌడయ్య తిరుపతిరావుకు ఒక మాట కూడా ఇచ్చి ఉన్నాడు. జూలై రెండో తేదీ లోపల ఏ కాలేజీ కుదరకపోతే కొడుకును ఆయన కొట్లో గుమాస్తాగా పెడతానన్నాడు. తిరుపతిరావు ఇంగ్లీషు ఉత్తరాలు రాసేవాడి కోసం చూస్తున్నాడు. ఆయన ఒక్కడే ఈ ఇంటి చీరలు కొనేది. ఆ కొట్లో చేరితే ఇక చదువు లేదని కోటిలింగానికి తెలుసు. అక్కడి గుమాస్తాలు ఇరవై ఏళ్ళకు కూర్చున్న చాప మీద యాభై ఏళ్ళకు కూడా కూర్చుని ఉండటం అతను చూశాడు.

నెల రోజులు ఉత్తరాలు రాశాడు. బి.కాం. చెప్పే కాలేజీలే తక్కువ. ఒకచోట సీట్లు అయిపోయాయన్నారు. ఇంకోచోట కట్టాల్సిన జీతం తక్కువే కాని హాస్టలు లేదు, ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు. మద్రాసులో ఒక కాలేజీ సీటు ఇస్తామని రాసింది. ఆ ఉత్తరం పట్టుకుని ఆ రాత్రంతా తిరిగాడు. తెల్లవారాక లెక్క వేస్తే కాలేజీ జీతం ఎలాగో కట్టవచ్చు. మద్రాసులో తిని పడుకోవడానికే రెండు మగ్గాలూ చాలవు.

జూన్ చివరి వారంలో బెజవాడ వెళ్ళాడు. గవర్నరుపేటలో కాఫీ హోటలు ముందు ఇంటర్‌లో తనతో చదివిన బసవపున్నయ్య కనిపించాడు. గుడివాడ దగ్గర రైతుల బిడ్డ. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. లోపలికి లాక్కెళ్ళి కాఫీ తెప్పించాడు.

"ఒరే కోటీ, నువ్వు కాలేజీ వెతుకుతున్నావా, పెళ్ళికూతుర్ని వెతుకుతున్నావా? ఏ ఊరు చెప్పినా వంక పెడుతున్నావంట."

"వంక నాది కాదురా. తిండిది."

"మద్రాసు రా. నేనూ వస్తున్నా."

"మీ నాన్న ధాన్యం అమ్ముతాడు, నువ్వు మద్రాసు వెళ్తావు. మా ఇంట్లో పండేది చీరలు."

"అవి తినలేంగా" అని బసవపున్నయ్య నవ్వాడు. నవ్వి, కాఫీ గ్లాసు కింద పెట్టి, "తినొచ్చేమో చూడు. మద్రాసులో మీ నేతవాళ్ళ పిల్లలకి హాస్టలు ఉందంటగా. తిండీ పడకా ఊరికే. మా పక్కూరి వాడొకడు పోయినేడు చేరాడు. ఈ జిల్లా వాళ్ళని ఎంచేది ఇక్కడే. ఒన్‌టౌన్‌లో వెంకటప్పయ్యగారని ముసలాయన. శుక్రవారం చూస్తున్నారు" అన్నాడు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంరా?"

"నువ్వు అడిగింది కాలేజీ. తిండి సంగతి ఇప్పుడేగా అన్నావు."

శుక్రవారం పొద్దున్నే కోటిలింగం వెంకటప్పయ్య ఇంటి వసారాలో ఉన్నాడు. అప్పటికే తొమ్మిదిమంది కూర్చుని ఉన్నారు. వెంకటప్పయ్య ఒకప్పుడు నేసినవాడు, ఇప్పుడు నూలు వ్యాపారం. ఆయన ముందు చిన్న చెక్క చట్రం ఉంది. దాని మీద నాలుగు వేళ్ళ వెడల్పున నిలువు పోగుల పడుగు బిగించి ఉంది. పక్కన కొబ్బరి చిప్పలో బూడిద. ఒక్కొక్కరు ముందుకు రాగానే ఆయన గోటితో ఒక పోగు తెంపేవాడు.

"అతుకు."

కుర్రవాళ్ళు వేలికి బూడిద రాసుకుని, తెగిన రెండు కొసలూ కలిపి మెలిపెట్టి వదిలేవాళ్ళు. ఒకడు పక్కవాడితో మాట్లాడుతూనే అతికాడు. మగ్గం మీద పోగులు పూటకు పదిసార్లు తెగుతాయి. నేతింట్లో ఆరేళ్ళ పిల్లలకు అది అన్నం కలుపుకున్నట్టే వస్తుంది. రెండేళ్ళుగా బట్టల కొట్లవాళ్ళు తమ పిల్లలను నేతపిల్లలుగా రాయించి హాస్టల్లోకి తోస్తున్నారట. కాగితాలను నమ్మడం మానేసి వెంకటప్పయ్య ఈ చట్రం పెట్టాడు.

కోటిలింగం వంతు వచ్చింది. వేలికి బూడిద ఎక్కువ రాసుకున్నాడు. కొసలు కలిపి తిప్పాడు. వదలగానే విడిపోయాయి. మళ్ళీ తిప్పాడు. మూడోసారి పక్క పోగు కూడా తెగింది.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎవరబ్బాయివి?"

"పెడన చౌడయ్యగారి అబ్బాయినండి."

వెంకటప్పయ్య అతని స్కూలు ఫైనలు పుస్తకం తిప్పాడు. కళ్ళజోడు సవరించుకున్నాడు.

"తండ్రి వృత్తి వ్యాపారం అని ఉంది."

"నేసిన చీరలే మూట కట్టి అమ్ముతారండి. అది రాయించారు. మగ్గాలు రెండు ఉన్నాయండి."

"రెండు మగ్గాలున్న ఇంట్లో పెరిగి పోగు పట్టుకోవడం రాదా?"

"మా నాన్న ముట్టనివ్వలేదండి."

"ఎందుకని?"

"చదువు పోతుందని."

ముసలాయన అతని వేళ్ళను చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"బాగానే కట్టావు కథ. నిజమైనా అయి ఉండొచ్చు. నేను నమ్మి ఇస్తే బయటున్నవాళ్ళు ఊరుకోరు. ఒక్క చోటు మిగిల్చి ఉంచుతాను. సోమవారం పొద్దున జాబితా మద్రాసు పంపుతున్నా. ఈలోగా నేతవాడి కొడుకునని చూపించుకో."

"ఎలా చూపించుకోవాలండి?"

"అది నేను చెబితే చూపించినట్టు కాదుగా."

సాయంత్రం బండిలో కోటిలింగానికి చోటు దొరికినా కూర్చోలేదు. తలుపు దగ్గర నిలబడ్డాడు. గుడివాడలో దిగి ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరిగి, కదులుతున్న బండి ఎక్కాడు.

జరిగింది ఇంట్లో చెప్పాడు. భద్రమ్మ నవ్వింది. నవ్వు ఆపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నూలు కండె చుట్టడమన్నా నేర్పనీ అంటే విన్నాడా మీ నాన్న? ఊరందరూ కొడుకులకి మగ్గం నేర్పి చదువు రాలేదని ఏడుస్తారు. మనకి చదువు నేర్పి మగ్గం రాలేదని ఏడవాల్సొచ్చింది."

"నవ్వకే" అన్నాడు చౌడయ్య.

"నువ్వు నేర్పమ్మా. రేపూ ఎల్లుండీ ఉన్నాయి" అన్నాడు కోటిలింగం.

"రేపు అమావాస్యరా."

కోటిలింగం మరిచిపోయాడు. అమావాస్యనాడు ఆ వీధిలో ఏ మగ్గమూ ఆడదు. నాడె ముట్టరు, నూలు ముట్టరు. చౌడేశ్వరి అమ్మవారికి దణ్ణం పెట్టి ఊరికే కూర్చుంటారు. ఉన్న రెండు రోజుల్లో ఒక రోజు పోయింది. అతను లేచి వాకిట్లోకి వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు.

శనివారం వీధి నిశ్శబ్దంగా ఉంది. పది గంటలకు భద్రమ్మ పెట్టెలోంచి ఒక పాత పంచె తీసింది. అంచు చించి పోగులు లాగి కొన్నిటిని కిటికీ చువ్వకు వరసగా కట్టింది.

"అమ్మా, అమావాస్య అన్నావుగా."

"నూలు ముట్టకూడదన్నాను. ఇది నూలు కాదు, చిరిగిన పంచె. చిరిగిన పంచెకి అమావాస్యేమిటి? కూర్చో."

చౌడయ్య అరుగు మీద నుంచి చూశాడు. కండువా దులుపుకుని కాలవ వైపు వెళ్ళిపోయాడు. చీకటి పడేదాకా రాలేదు.

పాత పోగులు పట్టుకుంటేనే తెగిపోయేవి. భద్రమ్మ కొడుకు వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి తిప్పించింది. "తిప్పాలిరా, నలపకూడదు. బూడిద అంత పూస్తావేం, సన్యాసుల్లో కలుస్తావా?" అంది. మధ్యాహ్నానికి పదింటిలో ఒకటి నిలిచింది. దీపాలు పెట్టే వేళకు నాలుగు నిలిచాయి. అతని బొటనవేలు ఎర్రగా ఒరిసిపోయింది. అన్నం తింటుంటే పులుసు తగిలి మండింది.

ఆదివారం మగ్గాలు ఆడాయి. భద్రమ్మ మగ్గం మీద పోగు తెగినప్పుడల్లా కోటిలింగం ముందు నుంచి, గుంట బయటే నిలబడి, పడుగు మీదికి వంగి అతికాడు. చౌడయ్య తన మగ్గం మీద తలెత్తకుండా నేశాడు. ఆయన పోగులు ఆయనే అతుక్కున్నాడు. పొద్దు వాలే వేళకు ఆయన మగ్గం మీదే మళ్ళీ ఒకటి తెగింది. చౌడయ్య నాడె ఆపాడు. ఈసారి చెయ్యి చాపలేదు. తల వంచుకుని కూర్చున్నాడు. కోటిలింగానికి కొంచెం ఆలస్యంగా అర్థమయింది. ఇటు వచ్చి, వంగి, కొసలు వెతికి అతికాడు. చౌడయ్య ఒకసారి వేలితో మీటి చూశాడు. మళ్ళీ నేశాడు.

సోమవారం మొదటి బండికి ఇద్దరూ బయలుదేరారు. చౌడయ్య భుజాన చీరల మూట ఉంది. పని కుదిరితే సరే, కుదరకపోతే అటునుంచి అటే తిరుపతిరావు కొట్లో దింపి వస్తానన్నాడు. కోటిలింగం రెండో ధోవతీ, చొక్కా సంచిలో పెట్టుకున్నాడు. అవి ఎక్కడికి పనికొస్తాయో ఇంకా తెలియదు.

వెంకటప్పయ్య ఇంటి ముందు చౌడయ్య ఆగిపోయాడు. "నువ్వెళ్ళు. నేనిక్కడుంటా" అన్నాడు.

చట్రం అక్కడే ఉంది. ముసలాయన ఒక పోగు తెంపాడు. కోటిలింగం అతికాడు. నిలిచింది. ఇంకొకటి తెంపాడు. నిలిచింది. వెంకటప్పయ్య అతుకును వెలుతురుకు పెట్టి చూశాడు.

"నిలిచింది. కాని ఇది మగ్గం దగ్గర పుట్టిన చెయ్యి కాదు. ఎన్నాళ్ళయింది నేర్చుకుని?"

"శనివారం మొదలుపెట్టానండి."

ముసలాయన చెయ్యి ఆగింది.

"శనివారం అమావాస్య."

తను చెప్పిన మాట ఎటు తిరిగిందో కోటిలింగానికి అప్పుడు తెలిసింది.

"అమావాస్యనాడు పోగు పట్టే నేతిల్లు నేనెరగను. మూడు తరాల నుంచీ ఎరగను. ఏ కొట్లో నేర్చుకున్నావయ్యా? ఎవరి దగ్గర?"

"మా ఇంట్లోనేనండి. మా అమ్మ నేర్పింది."

"మీ అమ్మ అమావాస్యనాడు నూలు తీసిందా?"

"నూలు కాదండి. పాత పంచె చించింది. చిరిగిన పంచెకి అమావాస్య లేదంది."

వెంకటప్పయ్య అతని ముఖం చూస్తూ ఉండిపోయాడు. తరవాత భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని కోటిలింగానికి వెంటనే తెలియలేదు.

"చిరిగిన పంచె" అన్నాడు ముసలాయన, కళ్ళు తుడుచుకుంటూ. "కొట్టువాడి పెళ్ళాం అయితే కొత్త నూలు ఉండ ఇచ్చి కూర్చోబెట్టేది. దానికి అమావాస్య సంగతే తెలియదు. తెలిసి, భయపడి, అయినా సందు వెతుక్కునేది మన ఇళ్ళల్లో ఆడవాళ్ళే. మీ నాన్న ఏడీ?"

"బయట ఉన్నారండి."

చౌడయ్య లోపలికి వచ్చి మూట దించకుండానే నిలబడ్డాడు.

"కూర్చోవయ్యా. ఒక చిక్కుంది. పిల్లాడి పుస్తకంలో నిన్ను వ్యాపారి అని రాశారు. అది అలా ఉంటే మద్రాసువాళ్ళు ఒప్పుకోరు. నేతవాడినని కాగితం రాసి సంతకం పెట్టాలి. అసలు వ్యాపారం అని ఎందుకు రాయించావు?"

చౌడయ్య కొడుకు వైపు చూడలేదు.

"బళ్ళో వేసేనాడు మేష్టారు అడిగారండి, నువ్వేం చేస్తావని. నా ముందు వచ్చినవాడు నేత అన్నాడు. ఆ పిల్లాణ్ణి వెనక గోడ దగ్గర కూర్చోబెట్టారు. నేను వ్యాపారం అన్నాను. వీణ్ణి ముందు కూర్చోబెట్టారు."

వెంకటప్పయ్య కాగితం తీసి తనే రాశాడు. రాసింది చదివి వినిపించాడు. 'పెడన కాపురస్థుడు చౌడయ్య, వృత్తి నేత.' చౌడయ్య కలం పట్టుకుని ఒక్కో అక్షరం విడిగా పెట్టాడు. ఆయనకు తన పేరు రాయడం తప్ప రాయడం రాదు. పెట్టాక ఆ కాగితం వైపు కాసేపు చూశాడు. ఇది మద్రాసు వెళ్ళిపోయాక మళ్ళీ వ్యాపారి అనిపించుకోగలనా అని చూసినట్టుంది.

జాబితా చివర కోటిలింగం పేరు చేరింది. పదో తేదీలోగా మద్రాసు చేరాలి.

బయటికి వచ్చారు. ఎండ కాస్తోంది. కోటిలింగానికి పరుగెత్తాలనిపించింది, ఎటో తెలియలేదు. చౌడయ్య మాత్రం మామూలుగా తిరుపతిరావు కొట్టు వైపే నడిచాడు.

"ఇప్పుడెందుకు నాన్నా?"

"మాటిచ్చాను. రావని నేను చెప్పాలి. నువ్వు ఇక్కడుండు."

కోటిలింగం రోడ్డుకు ఇవతల నిలబడ్డాడు. కొట్లో తిరుపతిరావు తెల్లటి పరుపు మీద కూర్చుని ఉన్నాడు. చౌడయ్య వంగి ఏదో చెప్పాడు. తిరుపతిరావు తలాడించాడు, ఎవరినో పిలిచి వేరే పని పురమాయించాడు. చౌడయ్య మూట విప్పబోయాడు. తిరుపతిరావు చేత్తో వద్దన్నాడు. చౌడయ్య ఇంకా కాసేపు నిలబడ్డాడు. ఒక రిక్షా అడ్డం వచ్చి ఆగి, వెళ్ళింది. అప్పటికి చౌడయ్య మెట్లు దిగుతున్నాడు. మూట అలాగే ఉంది.

"తీసుకోలేదా?"

"రేపు రమ్మన్నాడు."

"రేపు మళ్ళీ వస్తావా?"

"ఆ రేపు రాదులే" అన్నాడు చౌడయ్య.

కోటిలింగం సంచి చెయ్యి మార్చుకున్నాడు. "నాన్నా, నేను కొట్లో చేరతాను. మద్రాసు వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. ఆ మాట అంటున్నంతసేపూ ఎవరైనా ఆపితే బాగుండునని ఉంది.

"సంతకం పెట్టించావుగా. ఇప్పుడు వెనక్కి తీసుకోమంటావా?" అన్నాడు చౌడయ్య. మూట ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. పెద్ద రోడ్డు వదిలి పక్క సందులోకి తిరిగాడు. ఇళ్ళ ముందు ఆడవాళ్ళు బియ్యం చేటల్లో చెరుగుతున్నారు. ఆయన ఎప్పుడూ గుమ్మం గుమ్మానికీ తిరిగి చీర అమ్మలేదు. మొదటి గుమ్మం ముందు గొంతు సవరించుకున్నాడు. మాట రాలేదు. రెండో గుమ్మం ముందు వచ్చింది.

"చీరలమ్మా, పెడన చీరలు. నేసినవాణ్ణి నేనే."

ఒకామె తలెత్తి, ధర ఎంతని అడిగింది. కోటిలింగం అయిదారు అడుగుల దూరంలో నిలబడ్డాడు. మూట విప్పడానికి సాయం పట్టాలా, మద్రాసు బండి టైము కనుక్కోవడానికి స్టేషనుకు వెళ్ళాలా అన్నది అతనికి తేలలేదు. తండ్రి చీర మడత విప్పి ఆమె చేతిలో పెడుతుంటే ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు.